సగం చేను

మామగారు మందు పంపు వీపుకు తగిలించుకుని వచ్చేసరికి కోడలు చిక్కుడు చేనికి అడ్డంగా నిలబడి ఉంది.

లేత కొమ్మలకు పేనుబంక పట్టింది. ఆవాలు అద్దినట్టు నల్లటి పురుగులు కొమ్మల నిండా అంటుకుని రసం పీల్చేస్తున్నాయి. ఇవాళ మందు పడకపోతే ఈ ఏడు కాపు మీద ఆశ వదులుకోవాల్సిందేనని మామగారి వాదన. మందు కొడితే ఈ పురుగుల్ని తినే పురుగులు కూడా చస్తాయని, వాటిని పిలవడానికే ఇంట్లో అడుగుపెట్టిన వారానికే చేను చుట్టూ బంతి నాటానని, పది రోజులు ఓపిక పట్టమని కోడలి వాదన.

"నాలుగేళ్లు వ్యవసాయం చదివించి పురుగులకు భోజనాలు పెట్టడం నేర్పారా అమ్మాయ్?" అన్నారు మామగారు.

"పెట్టక్కర్లేదు మామయ్యగారూ. వాటి భోజనం అవే వెతుక్కుంటాయి."

నువ్వెవరి వైపని ఇద్దరూ కొత్త పెళ్లికొడుకు వంక తిరిగారు. అతను తన కాళ్ల కిందికి చూసుకుని, "నేను గట్టు మీదున్నాను, కనపడట్లేదా?" అన్నాడు. కోడలికి నవ్వొచ్చింది కానీ, సమయం కాదని దాచుకుంది.

చివరికి మామగారు మడమతో నేల మీద గీత గీశారు. కుడి సగం ఆయనది, ఎడమ సగం కోడలిది. పది రోజుల తర్వాత ఆమె సగం ఎండితే ఈ ఇంట్లో మళ్లీ వ్యవసాయం ఊసెత్తకూడదు.

"మీ సగానికి సమానంగా ఉంటే?"

"చేను మొత్తం నీ చేతికిచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటాను."

గాలికి మందు ఇటు కొట్టుకు రాకుండా మధ్యలో నాలుగు సాళ్లు వదిలేయమని మాత్రం ఆమె పట్టుబట్టింది. ఆయన సరేనన్నారు. మందు కలపడం ఎప్పుడూ అత్తగారి పని. కొట్టంలోంచి తెల్లటి మందునీళ్ల బకెట్లు రెండు చేతులా మోసుకొచ్చి పంపులో పోసింది. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా వెళ్లింది. మామగారికి ఆ బాధ లేదు. ఏళ్ల తరబడి మందు కొట్టి ఆయన ముక్కు మొద్దుబారిపోయింది, పక్కనే కూర మాడినా తెలియదు.

ఆ సాయంత్రం టీ నోట్లో పెట్టుకోగానే ఆయన మొహం చిట్లించారు. మందు కొట్టి అలిసి వచ్చిన రోజే ఈ ఇంట్లో టీ పల్చగా ఉంటుందని సణిగారు. పాలు చాల్లేదు అంది అత్తగారు.

మర్నాటి నుంచి కోడలు తెల్లవారకముందే చేలో ఉండేది. నాలుగో రోజుకు ఆమె సగంలో పురుగు ఇంకా పెరిగింది. అన్నం సయించలేదు. ఊసెత్తకూడదంటే, చదివిన చదువంతా అటక మీద పెట్టేసినట్టే. భర్త లాంతరులా భూతద్దం పట్టుకుని వెంట నడుస్తూ, ఓడిపోతే ఇద్దరం కలిసి కుర్చీలు అల్లుకుందాంలే అని ధైర్యం చెప్పాడు.

ఆరో రోజు ఓ ఆకు తిప్పి చూసి ఆమె భర్త చేతిలోని భూతద్దం లాక్కుంది. ఎర్రటి వీపు మీద నల్లటి చుక్కలతో అక్షింతల పురుగులు. ఒకటి కాదు, ఆకుకు రెండు మూడు. నోటి నిండా పేనుబంకతో తీరిగ్గా తిరుగుతున్నాయి. నాన్న రోజూ వేసే అక్షింతలు చాలవా నీకు అన్నాడు భర్త. ఏళ్లుగా మందు తాగిన నేలలో రెండు నెలల్లోనే ఇన్నెలా వచ్చాయో ఆమెకూ అర్థం కాలేదు. తన బంతిపూల మహిమే అనుకుని మురిసిపోయింది.

పదో రోజు మామగారు పరీక్షకు దిగారు. కుడివైపు ఇరవై మొక్కలు, ఎడమవైపు ఇరవై మొక్కలు, ఆకు ఆకూ తిప్పి చూశారు. రెండు వైపులా కొమ్మలు శుభ్రంగా ఉన్నాయి. రెండు వైపులా ఒకే పూత, ఒకే పిందె. ఆయన మళ్లీ మొదటి నుంచి చూశారు. అప్పటికీ అంతే.

గీత మీద నిలబడి, "మాటంటే మాటే అమ్మాయ్. ఇక నువ్వు చెప్పినట్టే," అన్నారు. పంపును తీసుకెళ్లి చూరుకు తగిలించి, నిజంగానే కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు.

కోడలు గాల్లో తేలుతూ వంటింట్లోకి పరిగెత్తి అత్తగారిని వాటేసుకుంది. ఆవిడ టీ గ్లాసు చేతికిచ్చింది. చిక్కగా, మీగడ తేలుతూ ఉంది. తర్వాత వెనక కొట్టంలోకి తీసుకెళ్లి ఓ మూల గోనెసంచి పైకెత్తింది. కింద మందు సీసాలు. దుమ్ము పట్టినవి, కొత్తవి, ఆరేళ్ల తేదీలవి. ఒక్కదానికీ మూత తీయలేదు.

"ఆరేళ్ల కిందట మందు కొడుతూ చేలోనే స్పృహ తప్పారు," అంది అత్తగారు. "మానమంటే వినే మనిషా?"

"మరి అప్పట్నుంచీ మామయ్యగారు కొడుతున్నదేమిటి అత్తయ్యా?"

"నీళ్లు. తెల్లగా కనపడ్డానికి మన టీ పాలు."