రాట్నం కబుర్లు

"ఇందులో ఏటి రాయాల సార్?"

దరఖాస్తు ఫారంలో చివరి గడి మీద వేలు పెట్టి అడిగింది చిన్నతల్లి.

"నీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల పేర్లు. ఇక్కడ పనిలో చేరే ప్రతివాళ్ళూ రాయాల్సిందే," అన్నాడు మేనేజరు దేవేంద్ర.

విజయనగరంలో మూడంతస్తుల బట్టల దుకాణం అది. ఖాళీగా ఉన్నది ఒకే ఉద్యోగం. ఫోన్లో కస్టమర్లకి జవాబు చెప్పాలి.

చిన్నతల్లిది పొందూరు. డిగ్రీ అయింది. ఇల్లు గడిచేది తల్లి వడికే ఖద్దరు నూలు మీద. ఇప్పుడు తల్లికి చూపు ఆనడం లేదు. ఈ ఉద్యోగం రాకపోతే కష్టమని మొదటి మాటలోనే చెప్పేసింది.

గడిలో ఒకటే పేరు రాసింది. రాట్నం కబుర్లు.

దేవేంద్ర కంప్యూటర్లో తెరిచి చూశాడు. అన్నీ వీడియోలే. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఈ పిల్ల రాట్నం ముందు కూర్చుంటుంది. నూలు తీస్తూ ఏదో ఒకటి మాట్లాడుతుంది. మాడిపోయిన వంకాయ కూర, పక్కింటి కోడి, మేనమామ గురక. అంతే. చూసేవాళ్ళు మాత్రం మూడు వేల పైచిలుకు, దాదాపు అందరూ ఆడవాళ్ళే.

"ఇదంతా ఎవరికోసం?"

"మద్దేన్నం ఇంట్లో ఒక్కర్తీ ఉండే ఆడోళ్ళ కోసం సార్. నాను మాటాడతుంటే ఆళ్ళు పని సేసుకుంటా ఇంటారు. కొందరు రాస్తారు. జవాబిస్తాను."

ఉద్యోగం ఈ పిల్లదేనని దేవేంద్ర అప్పుడే అనేసుకున్నాడు. ఇంత ఓపికున్న మనిషి ఫోను దగ్గర కూర్చుంటే, తిట్టడానికి ఫోన్ చేసినవాడు కూడా చీర కొనుక్కుని పోతాడు.

"బావుంది. ఇంక మెసేజ్‌లు చూపించు."

"అవెందుకు సార్?"

"ఓనరుగారి రూలు. పోయినేడు ఒకడు మా రేట్లన్నీ ఎదుటి షాపుకి పంపేశాడు. అప్పట్నుంచీ అందరివీ చూస్తున్నాం."

చిన్నతల్లి ఫోను తెరిచింది. అన్నిటికన్నా పైనున్న మెసేజ్ దగ్గర ఆమె చూపు ఆగింది. తలెత్తి దేవేంద్ర ముఖంలోకి చూసింది. మళ్ళీ ఫోను చూసింది. ఆపేసి ఒళ్ళో పెట్టుకుంది.

"సూపించనేను సార్."

"ఏం?"

"ఇవి నావి కావు. నన్ను నమ్మి రాసుకున్నోళ్ళవి."

"సరే, ఒక్కటి చూపించు. ఆ పైది."

"అది అసలే కాదు సార్."

"ఉద్యోగం పోతుందమ్మా."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోతే పోతాది," అంది. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

నిప్పు లేందే పొగ రాదులే అనుకున్నాడు దేవేంద్ర. ఎవడో ఉండే ఉంటాడు. ఫారం మీద 'వద్దు' అని రాసి, మూడు కొట్టేసరికి ఆ కుర్చీలో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టాడు.

సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరాడు.

ఆ ఇంట్లో ఇద్దరే, అతనూ, భార్య అర్చనా. పదకొండు రోజుల పాప పోయి ఏడాదిన్నరయింది. ఆ మాట ఎత్తితే అర్చన ఏడుస్తుందని దేవేంద్ర ఎత్తడు. ఆయనే ఎత్తనప్పుడు నాకెందుకని అర్చన ఎత్తదు. అన్నం పెట్టు, తలుపు వెయ్యి, ఆ లైటు తీసెయ్యి. ఏడాదిన్నరగా ఆ ఇంట్లో నడుస్తున్న మాటలు ఆ మూడే. పాపం, ఒకరంటే ఒకరికి ప్రేమ లేక కాదు.

ఆ రోజు మాత్రం అర్చన వచ్చి అతనికి ఎదురుగా కూర్చుంది.

"మీకో మాట సెప్పాల. పాప పోయాక జరిగింది."

దేవేంద్ర టీవీ ఆపేశాడు.

"పోయిన శ్రావణంలో, ఒక మద్దేన్నం మేడ మీదకెళ్ళిపోయాను. ఇంక కిందకి రాకూడదనే ఎళ్ళాను."

దేవేంద్ర చేతిలోని రిమోట్ పక్కన పెట్టేశాడు.

"ఒక పిల్లకి మాత్రం రాసాను, ఎల్లిపోతన్నానని. ఎంటనే ఫోన్ సేసింది. గంటలకి గంటలు మాటాడతానే ఉంది. నన్ను కిందకి దింపింది. స్టవ్ ఎలిగించి బియ్యం పడీమంది. మీరొచ్చేసరికి అన్నం ఒండుతన్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగనేదు."

దేవేంద్ర ఏడ్చాడు. పాప పోయాక భార్య ముందు అతను ఏడవడం అదే మొదటిసారి. అర్చన లేచి వచ్చి పక్కన కూర్చుంది.

కళ్ళు తుడుచుకుని అడిగాడు.

"మరి ఇవాళ ఎందుకు చెప్పావు?"

"ఆ పిల్లే సెప్పమంది. మద్దేన్నం ఈ ముక్క రాసి, ఖాతా మూసీసింది. ఇంతకీ మీరు తనకి ఎక్కడ కనబడ్డారు?"

అర్చన ఫోను చేతికిచ్చింది. ఆమె ఖాతాకి పెట్టుకున్న బొమ్మ వాళ్ళిద్దరి పెళ్ళి ఫొటో. తెర మీద ఆ పిల్ల రాసిన చివరి మెసేజ్ ఉంది.

'అక్కా, ఏ ఉద్యోగానికెళ్ళినా ఇవి సూపించమంటారు, అందుకే రాట్నం కబుర్లు ఆపేత్తన్నాను. మీరు రాసినవన్నీ నా ఫోన్లో సెరిపీసినాను, బయపడకండి. ఇయాల మీ ఆయన్ని సూసినాను, మంచోరే, ఇంక నాకు కాదక్కా, ఆయనకి సెప్పుకోండి.'