కొండవీరుడి సైకిలు

“రాయి మీంచి దూకినా రిమ్ము వంగకూడదు. పెద్ద చక్రాలది, గట్టిది చూపించండి,” అంది భార్య, సైకిళ్ల షాపులో అడుగు పెడుతూనే.

షాపతను ఆవిడ వెనకాలే వస్తున్న భర్తని ఎగాదిగా చూశాడు. చూపు బొజ్జ దగ్గర కాసేపు ఆగింది. “సార్ కొండ మీద తొక్కుతారా?”

“భలేవారే! ఆదివారం వచ్చిందంటే తెల్లారేసరికి కొండ మీదుంటారు. వీళ్ల ఆఫీసులో ఈయన్ని కొండవీరుడంటారు.”

కొండవీరుడు చటుక్కున బొజ్జ లోపలికి పీల్చుకున్నాడు. నిజానికి ఆయన ఆ కొండని బస్సు కిటికీలోంచి చూడ్డమే తప్ప దాని మీద కాలు పెట్టిన పాపాన పోలేదు. ఆదివారం ఇంట్లో ఉంటే బూజులు దులపాలి. అందుకని చీకటితోనే సైకిలెక్కి, రెండు వీధుల అవతలున్న అక్కగారింటికి చేరి, మేడ మీద గదిలో మధ్యాహ్నం దాకా గుర్రు పెట్టి నిద్రపోతాడు. వచ్చేముందు అక్క పూలకుండీల్లోంచి గుప్పెడు నల్లమట్టి తీసి, నీళ్లు కలిపి, టైర్లకీ పిక్కలకీ పూసుకుంటాడు. అక్క నానా తిట్లూ తిడుతుంది. ఈయన దులిపేసుకుని వచ్చేస్తాడు. ఇన్నాళ్లయినా ఇంట్లో బూజులు ఎక్కడివక్కడే ఎందుకు వేలాడుతున్నాయో ఆలోచించే ఓపిక మాత్రం ఆయనకి లేదు.

ఇప్పుడా బంగారంలాంటి నిద్ర కాస్తా గాలిలో దీపమైంది. ఒక్క మాట జారాడా, వచ్చే ఆదివారం చేతికి బూజుకర్ర వచ్చేస్తుంది.

“వాలు దిగేటప్పుడు ముందు బ్రేకు ఎక్కువ వాడతారా సార్, వెనకదా?”

“బ్రేకా?” మీసం దువ్వాడు కొండవీరుడు. “మనం బ్రేకు జోలికే పోం.”

షాపతనికి దగ్గొచ్చింది. “మరి వాగు దగ్గర?”

“ఒక్క దూకు! వాగంటే ఎంతుంటుందయ్యా!”

“ఆ కొండ మీద వాగు లేదు సార్.”

“ఎండిపోయుంటుంది.”

భార్య చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. షాపతను లోపలికెళ్లి ఒక నల్ల సైకిలు నడిపించుకొచ్చాడు. చక్రాలు కొండవీరుడి నడుము దాకా ఉన్నాయి. భార్య వంగి టైరుని బొటనవేలితో నొక్కింది.

“ఈ టైర్లు జారుడు రాళ్ల మీద పట్టుకోవు. గాడులు లోతుగా ఉన్నవి వెయ్యండి. హ్యాండిలు కూడా ఇంకాస్త వెడల్పుది కావాలి. లేకపోతే మలుపులో విసిరేస్తుంది.”

కొండవీరుడికి గుండె కరిగిపోయింది. పిచ్చిది! తను భోజనాల దగ్గర కోసిన కోతలన్నీ ఎంత శ్రద్ధగా విందో, ఎలా ఒప్పజెబుతోందో! కాస్త సిగ్గు కూడా వేసింది గానీ, వెంటనే బూజుకర్ర గుర్తొచ్చి సర్దుకున్నాడు.

షాపతను టైర్లూ హ్యాండిలూ మార్చి, సీటు బిగించాడు. తర్వాత ఒక బుల్లి పంపు తెచ్చి ముందు చక్రాన్ని పట్టుకునుండే ఫోర్కుకి తగిలించాడు. “ఇందులో గాలుంటుంది సార్. తొక్కేవాళ్ల బరువుని బట్టి కొట్టాలి. తక్కువైతే కూలబడిపోతుంది.” పంపు తీసేసి చేతులు దులుపుకున్నాడు. “వెనకాల మంచి వాలుంది. ఒక రౌండు తొక్కి చూస్తారా?”

“అబ్బే, మోకాలు…”

“పొద్దున్న బాగానే ఉందిగా?” అంది భార్య. “పోనీ ఊరికే ఎక్కి కూర్చోండి, ఫోటో తీస్తా.”

కూర్చోడానికేం భయం అనుకుంటూ కొండవీరుడు ఠీవిగా ఎక్కాడు. ఫోర్కు ఉస్సుమంటూ అడుగంటిపోయింది. సీటు ఎంత కిందికుందంటే మోకాళ్లు వెళ్లి హ్యాండిలుకి కొట్టుకున్నాయి.

“ఏమయ్యా, ఇదేనా గట్టి సైకిలు? కొట్టు ఇంకాస్త గాలి! అసలు నా బరువెంతో అడిగావా నువ్వు?”

“అక్కర్లేదు సార్.”

“అక్కర్లేకపోవడమేంటి?”

షాపతను నిస్సహాయంగా భార్య వైపు తిరిగాడు. “ఇంక మీరే చెప్పుకోండి అక్కా. నవ్వాపుకోలేక చస్తున్నా.”

భార్య చున్నీ నడుముకి బిగించింది. సంచిలోంచి హెల్మెట్ తీసింది. దాని నిండా గీతలు, సొట్టలు, ఎర్రటి దుమ్ము. “దిగండి,” అంది.

కొండవీరుడు దిగాడు. ఆవిడ ఎక్కింది. ఫోర్కు సుతారంగా ఓసారి ఊగి నిలబడింది. వెనక తలుపులోంచి మెట్ల మీదుగా ఎగిరి వాలులోకి దూకిన మనిషి, ఆయన నోరు మూసుకునే లోపే చుట్టు తిరిగొచ్చి, ఆయన కాలి బొటనవేలికి బెత్తెడు దూరంలో సర్రున ఆపింది.

“ఈవిడ మా అద్దె సైకిళ్లు ఇప్పటికి రెండు విరగ్గొట్టారు సార్,” అన్నాడు షాపతను. “ఇంక ఇవ్వనంటే ఇవ్వనన్నాను. అందుకే ఈ కొనడం.”

“అంటే… ఆదివారాలు నువ్వు…”

“మీరటు వెళ్లగానే నేనిటు.”

“మరి బూజులు?” నోరు జారాడు కొండవీరుడు.

“వాటి మానాన వాటిని వేలాడనివ్వండి. మీరేం నిద్ర పాడుచేసుకోకండి,” అంటూ హెల్మెట్ మీది ఎర్రదుమ్ము ఆయన చొక్కాకి తీరిగ్గా తుడిచింది భార్య. “కాకపోతే వదినగారితో చెప్పి ఆ కుండీల్లో మట్టి మార్పించండి. ఆ కొండ మీద నల్లమట్టన్నదే లేదు.”