వందన చివరి కాల్షీట్

వంటింట్లో నవత వెనకాల నిలబడి, వందన గట్టిగా ఊపిరి పీల్చి ఒక్క కేక పెట్టింది.

"ఏమండీ, మూడో విజిల్ వచ్చింది. స్టవ్ కట్టేయండి," అంది నవత, కొత్తిమీర తరుగుతూ.

భర్త పృథ్వీరాజ్ ఫోన్ చూసుకుంటూనే వచ్చి, స్టవ్ కట్టేసి వెళ్లాడు.

వందనకు తల కొట్టేసినట్టయింది. దయ్యమై ఏడాదవుతోంది, ఇంత అవమానం ఎప్పుడూ లేదు.

ఫిల్మ్ నగర్‌లోని ఈ ఇల్లు ఆమె నటించి కట్టుకున్నది. ఎనభైల్లో ఇరవై ఎనిమిది సినిమాల హీరోయిన్. ప్రాణం పోయింది గానీ, ఇల్లు వదల్లేదు. ఆమె తమ్ముడి కొడుకు దాన్ని పృథ్వీరాజ్‌కు అమ్మేశాడు.

అమ్మితే అమ్మాడు. సోమవారం ఆ పృథ్వీరాజ్ మేకప్ గదిని పగలగొట్టి జిమ్ చేస్తాడట!

చుట్టూ బల్బులున్న అద్దం ఆ గదిలోనే ఉంది. ఇప్పుడు వందన తనకు తాను కనిపించేది ఆ ఒక్క అద్దంలోనే. అది పోతే తన మొహం తనకే ఉండదు.

అందుకే రోజూ పొద్దున తొమ్మిదింటికల్లా వాళ్లను భయపెట్టే పనిలోకి దిగేది. ఆరింటికి ఆపేసేది. బతికుండగా ఆరు దాటాక మేకప్ వేసుకోని మనిషి, చచ్చాక వేసుకుంటుందా?

శనివారం హాల్లో సోఫా ఎక్కి, ఒకప్పుడు థియేటర్లలో ఈలలు వేయించిన డైలాగు వదిలింది.

"ఈ ఇంటి గడప నేను దాటను. దాటాల్సింది మీరు!"

"పక్కింటివాళ్లు టీవీ పెద్దగా పెట్టారు," అన్నాడు పృథ్వీరాజ్.

"ఎవరో గానీ, బొత్తిగా డైలాగు చెప్పడం రాదండీ," అంది నవత.

తెర మీద ఆ డైలాగుకు పెదవులు మాత్రమే వందనవి. గొంతు డబ్బింగ్ థియేటర్లో ఇంకెవరో ఇచ్చారు. వందనది రహమత్ నగర్ మాట, అచ్చ తెలంగాణ యాస. అప్పటి దర్శకులకు అది పనికిరాలేదు. "నువ్వు పెదాలు కదుపమ్మా, చాలు," అన్నారు. కదిపింది. కదిపి కదిపి, వినీ వినీ, ఆ గొంతు తనదేనని నమ్మేసింది.

మొహం మాడ్చుకుని మేకప్ గదిలోకి వచ్చేసరికి, అద్దం ముందు పృథ్వీరాజ్ తల్లి సీతామహాలక్ష్మి కూర్చుని ఉంది. బుగ్గన లవంగం, ఒళ్లో వేడినీళ్ల ఫ్లాస్కు. గట్టిగా మాట్లాడొద్దని డాక్టర్ చెప్పాడట. ఎప్పుడూ గుసగుసే.

"గొంతు చించుకుంటున్నావు, అమ్మాయ్. మాట పొట్టలోంచి రావాలి."

దయ్యమే జడుసుకుంది.

"నీకు వినవడుతున్ననా?"

"కుక్కర్‌కీ మనిషికీ తేడా తెలీదూ?"

"మరి భయం కాలేదా?"

"ఇంత నాసిరకంగా అరిస్తే ఎవరు భయపడతారు?"

వందనకు ఒళ్లు మండింది. "నేనెవరో ఎరికేనా, ముసలమ్మా? ఇరవై ఎనిమిది సినిమాలు చేసిన!"

"తెలుసు. ఒక్కో సీనూ ఇరవైసార్లు చూశాను."

వందన చల్లబడింది. అభిమాని అన్నమాట! "ముందే చెప్పొద్దా? సంతకం గిట్ల కావాల్నా?"

"ఎలా పెడతావు?" ఆవిడ నవ్వేసింది. "ఆ సినిమా డైలాగులు వదిలెయ్. మీ ఇంట్లో ఎలా మాట్లాడేదానివో అలా మాట్లాడు."

"గట్ల మాట్లాడితే నవ్వుతరు."

"ఎవరన్నారు?"

"అందరన్నరు." ఆ మాట అన్నాక వందనకు ఏడుపొచ్చింది. గ్లిజరిన్ లేకుండా ఏడ్చి ఎన్నేళ్లయిందో!

సీతామహాలక్ష్మి కొంగుతో అద్దం తుడిచింది. "నేను వింటాగా. చెప్పు."

"ఇల్లు నీ కొడుకుదే గదా? నాకెందుకు నేర్పుతున్నవ్?"

"వాడికి వెంగళరావు నగర్లో ఇంకో ఇల్లుంది. నీకున్నది ఇదొక్కటే."

రెండు రోజులూ సాధన చేయించింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, వేలితో తాళం వేసి మరీ చెప్పింది.

సోమవారం పొద్దున పదింటికి మేస్త్రీ ఓదెలు సుత్తె ఎత్తాడు. పక్కనే పృథ్వీరాజ్, నవత నిలబడ్డారు.

వందన అరవలేదు. నిదానంగా అంది.

"గా సుత్తె కింద పెట్టు, బిడ్డా. గీ ఇంట్ల ఒక్కొక్క ఇటుక నేను నిలవడి కట్టించిన. అద్దం పలిగిందనుకో, నీ జిమ్ముల నీకంటే ముందు నేనే ఉంట, పృథ్వీరాజూ. రోజూ ఉంట. నువ్వు బరువు లేపితే, పైన కూసుంట."

సుత్తె ఓదెలు కాలి పక్కనే పడింది.

"సార్, అచ్చం మా మేనత్త లెక్కనే మాట్లాడుతున్నది. గీమెతోని మనం గెల్వం!" అంటూ అతను మెట్లు దిగి పారిపోయాడు.

సాయంత్రం ఐదున్నరకల్లా సామాను కారెక్కింది. వందన రొమ్ము విరుచుకుని హాల్లో నిలబడింది. పూర్తిగా తనదైన మొదటి హిట్టు ఇదే.

"అమ్మా, త్వరగా!" కారులోంచి పృథ్వీరాజ్ అరిచాడు.

"వస్తున్నా, నాన్నా."

సీతామహాలక్ష్మి గడప దగ్గర ఆగింది. రెండు గుక్కలు వేడినీళ్లు తాగి, లవంగం తీసేసి, వెనక్కి తిరిగింది. డాక్టర్ మాట పక్కన పెట్టి, నిండు గొంతుతో అంది.

"ఈ ఇంటి గడప నేను దాటను. దాటాల్సింది మీరు."

నవ్వి, గడప దాటి, కారెక్కింది.

వందన పరుగెత్తి గడప దాకా వెళ్లింది. అంతకు మించి దాటడం ఆమె చేతిలో లేదు.

"అక్కా! ఆగు, అక్కా!"

పొట్టలోంచి వచ్చిన పిలుపు. నేర్పిన చదువు ఎక్కడా తప్పలేదు. అది విని పృథ్వీరాజ్ ఇంకా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కాడు.

ఇందాక గడప దగ్గర ఆ ముసలమ్మ డైలాగు చెప్పినంతసేపూ, ఒక్క అక్షరం తేడా రాకుండా, ఇరవై ఎనిమిది సినిమాల్లో కదిలినట్టే వందన పెదవులు కదిలాయి.