జరీ గుడ్డ

రోబో మళ్లీ నడిమైదానంలో నిలబడిపోయింది.

"స్టాల్లో పక్కనే పెట్టుకుంటే గిరగిరా తిరుగుతాది. దూరం పోతే మొండికేస్తాది," అన్నాడు ఓబిలేష్.

సునంద ల్యాప్‌టాప్ చూసింది. కనెక్షన్ లేదు. వైఫై రూటర్ చోటు మార్చినారు, ఛానల్ మార్చినారు, పాస్‌వర్డూ మార్చినారు. ఇంక మార్చకుండా మిగిలింది వాళ్ల సారు ఒక్కడే.

రాప్తాడు కాలేజీలో రోబో పోటీ. ఈ ధర్మవరం జట్టుకి ఇంకొక్క ఆటే ఉండాది. గెలిస్తే బెంగళూరు. సునందకి ఇది ఆఖరు సంవత్సరం, మళ్లీ అవకాశం రాదు.

పొద్దున్నుంచి స్టాలు ఎదురుగా ఒక ముసలాయన ఒంటరిగా కూర్చోనుండాడు. ఇంతమందిలో ఒక్కరూ పలకరించలేదు. ఆయనే లేచొచ్చినాడు.

"తల్లీ, రూటర్ మీద ఆ జరీ గుడ్డ తీసేయండి."

ధర్మవరం రూటర్ పట్టు కట్టకుంటే ఎట్ల? అందుకే స్టాల్లోని రూటర్ చుట్టూ జరీ గుడ్డ అంటించినారు. నేతలోనే వాళ్ల కాలేజీ పేరుండాది. పట్టుషాపు బదరీనారాయణ పంపించిన కానుక.

"ఏమప్పా, గుడ్డకీ వైఫైకీ ఏం సంబంధం?" ఓబిలేష్ నవ్వినాడు.

"అది అసలు వెండి జరీ. మా ఇంట్లో జరీ చీరల మడతలో ఫోను పెడితే సిగ్నల్ పోతాది."

"జిగురుతో అంటించినాం. తీయాలంటే కత్తిరించాల."

ముసలాయన గుడ్డని వేలితో తడిమినాడు.

"కత్తిరించండి. మీ ఆట ముఖ్యం."

సునందకి ఒళ్లు మండింది.

"ఆ అంచు చూసినావా తాతా? నేత విలువ తెలిసినోళ్లు అనే మాటేనా ఇది? పోయి కూర్చో."

ఆయన పోయి కూర్చున్నాడు.

ఆట మొదలైంది. రోబో నడిమైదానం దాకా పోయి మళ్లీ ఆగిపోయింది. ఓడిపోయినారు.

సునంద స్టాల్లో కూర్చొని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఉక్రోషంతో కత్తెర తీసుకొని గుడ్డను ముక్కలు ముక్కలుగా కోసి పడేసింది.

ఖాళీ అయిన మైదానంలో రోబో ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా పోయింది.

"తాత యాడ?" అనింది సునంద.

కుర్చీలో లేడు. గేటు దాకా ఉరికినారు.

"ఆ ముసలాయనా? ఇప్పుడే ధర్మవరం బస్సెక్కినాడు," అన్నాడు వాచ్‌మన్.

సునందకి సిగ్గుతో తల వాలిపోయింది. అంతలో బదరీనారాయణ ఫోన్ చేసినాడు.

"ఓడిపోయినాం సార్."

"పోనీలేమ్మా. మా జయరాముడు కనపడినాడా?"

"ఆయనెవరు సార్?"

"మీ గుడ్డ నేసినాయన. కండ్లు మసకలొచ్చి మగ్గం ఎత్తేసినాడు, తన ఆఖరు నేతను ఒక్కసారి కండ్లారా చూసుకుంటానని పొద్దున్నే ఆడికొచ్చినాడు."