ఈలల బేరం

కొత్త పిల్ల మీద, పారిస్‌లో ఆట నచ్చనప్పుడు వేసే ఈలలు వేయించాలని ఎర్మాన్స్ సోమవారం ఉదయం, సాధన గదిలో గోడకొయ్య పట్టుకుని కాలు ఎత్తుతూ ఉండగానే నిర్ణయించుకుంది.

ఎందుకంటే ఆ కాలు లేవవలసినంత ఎత్తుకు లేవలేదు.

పక్కనే ఆ కొత్త పిల్ల క్లోతిల్ద్ కాలు లేచింది. పందొమ్మిదేళ్ల కాలు అది. ఎవరినీ బతిమాలకుండానే లేచింది. గురువు చిన్న ఫిడేలు ఆపి, "చూశావా ఎర్మాన్స్? అదీ!" అన్నాడు. పదహారేళ్లుగా పారిస్‌లో పేరుమోసిన నాట్యశాలకు మొదటి నర్తకిగా ఉన్న మనిషిని కర్రతో పొడిచినా ఫరవాలేదుగాని, ఆ మాట అనకూడదు.

ఎర్మాన్స్‌కు ముప్ఫై ఎనిమిదేళ్లు. చెప్పేది ముప్ఫై ఒకటి. ఆమె ఒప్పందం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. శనివారం క్లోతిల్ద్ మొదటిసారి ప్రధాన పాత్ర ఆడబోతోంది. ఆ పిల్ల గెలిస్తే కొత్త ఒప్పందం ఆ పిల్లకే. ఇక ఎర్మాన్స్‌కు మిగిలేది, పాదాలు జారకుండా సాధన గది నేల మీద నీళ్లు చల్లి చంటిపిల్లలకు అడుగులు నేర్పడం. పాతబడ్డ సరుకును కొట్టువాడు ముందు వెనక అరలోకి, తర్వాత గుమ్మం బయటికి నెడతాడు. నాట్యశాలకూ అదే న్యాయం. కాకపోతే ఇక్కడ సరుకుకు ఆ సంగతి ముందే తెలుస్తుంది.

మధ్యాహ్నం ఆమె ఎదురు వీధిలోని సారా అంగడికి వెళ్లింది. అక్కడ చప్పట్ల మేస్త్రీ గ్రిమో భోంచేస్తున్నాడు. ప్రతి ప్రదర్శనకూ హాలు నడుమ అరవైమందిని కూర్చోబెట్టి, ఎవరికి కొట్టమంటే వాళ్లకు కొట్టించడం అతని వ్యాపారం. తన కీర్తిలో ఆ అరవై జతల అరచేతుల వాటా ఎంతో ఎర్మాన్స్ ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించకపోవడమే ఆరోగ్యం.

"శనివారం ఆ పిల్లకి ఈలలు పడాలి మేస్త్రీ."

గ్రిమో ఉల్లిపాయల సూపులోంచి తలెత్తాడు. "చప్పట్లు అమ్ముకునేవాణ్ణి తల్లీ! ఈలలంటే డైరెక్టరు నా తోలు వలిచి డోలుకి బిగిస్తాడు."

"నీ మనుషులొద్దులే. బయటివాళ్లని పెట్టు. బగ్గీ తోలేవాళ్లకి ఈల రాదా ఏం?"

"రాకేం? గుర్రాలు కూడా మెచ్చుకుంటాయి." అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే ఒకటి. అది ఆడటం మొదలెట్టాక లాభం లేదు. జనం ఆటలో పడితే ఈల ఎవడికి వినపడుద్ది? వేదిక మీదికి రాగానే, కాలు కదపకముందే పడాలి. గుండె జారితే కాలు అదే జారుద్ది."

"నువ్వు దేవుడివయ్యా!"

"దేవుడు ముందుగా పుచ్చుకోడు తల్లీ. నేను పుచ్చుకుంటా."

ఎర్మాన్స్ నీలాలు పొదిగిన కంకణం తీసి బల్ల మీద పెట్టింది. బేరమాడలేదు. కోపంతో కొనేవాళ్లు బేరమాడరు. అందుకే ఏ వర్తకుడైనా వాళ్లకు ముందు కుర్చీ వేస్తాడు.

శుక్రవారం మెట్ల మీద కూర్చుని జోళ్ల కొసలు దారంతో దట్టంగా కుట్టుకుంటున్న క్లోతిల్ద్ దగ్గర ఆమె ఆగింది. "భయపడుతున్నావా చెల్లీ?"

"మీరుండగా నాకేం భయమక్కా?" అంది క్లోతిల్ద్, దారం కొరుకుతూ.

శనివారం తెర లేచింది. క్లోతిల్ద్ తెల్లని దుస్తుల్లో వచ్చి, చేతులు విప్పి నిలబడింది. అంతే, పై అంతస్తునుంచి నాలుగు ఈలలు చెవులు చిల్లులు పడేలా మోగాయి. వాద్యాలు ఆగిపోయాయి. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అలాగే నిలబడిపోయింది.

మూడో వరసలో ఒక లావుపాటి మనిషి లేచాడు. "ఇంకా కాలైనా కదపలేదు కదరా! దేనికిరా ఈల?"

"డబ్బు తిన్న ఈలలండీ అవి! పట్టుకోండి!" అని ఇంకొకాయన అరిచాడు.

కొన్న చప్పట్లను పారిస్ జనం పెద్దగా పట్టించుకోరు. కొన్న ఈలలు మాత్రం తమను వెర్రివాళ్లను చేసినట్టు భావిస్తారు. గొడుగులు లేచాయి. నాలుగు దెబ్బలు పడేసరికి బగ్గీవాళ్లు, "ఎర్మాన్స్ అమ్మగారు వేయమన్నారు బాబో!" అని బావురుమన్నారు.

ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేసినా చప్పట్లే. రెండుసార్లు అడుగు తప్పింది, దానికీ కొట్టారు. గ్రిమో మనుషులు అరవైమందీ పని లేక చేతులు కట్టుకుని కూర్చున్నారు. చెమట ఆరకముందే డైరెక్టరు క్లోతిల్ద్ చేత ఒప్పందం మీద సంతకం చేయించుకున్నాడు. ఎర్మాన్స్ సామాను వరండాలోకి చేరింది.

మర్నాడు ఉదయం గ్రిమో టోపీ చేతపట్టుకుని క్లోతిల్ద్ కొత్త గదికి వచ్చాడు. ఒకే సరుకును ఇద్దరికి అమ్మడం అతని పద్ధతి కాదు. పైగా ఆ గదిలో ఉన్నది రాబోయే పదహారేళ్ల ఖాతాదారు. అతను జేబులోంచి రెండు ముత్యాల కమ్మలు తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఎర్మాన్స్ అమ్మగారికన్నా రెండు రోజులు ముందే మీరొచ్చి, మీ మీద మీరే ఈలలు వేయించుకోవడానికి తాకట్టుపెట్టిన కమ్మలండీ అమ్మాయిగారూ, ఆ ఖర్చు ఆవిడే పెట్టుకుంది, తీసుకోండి."