తాళం వేసిన సంపు

నీళ్లకోసం ఎవరి గడపా తొక్కకూడదని, మిద్దె మీద పడే వానంతా దాచుకోవడానికి దుత్తలూరులో మా పెరట్లో సంపు తవ్వించాను. “అడుగంతా రాయే కదా, సిమెంటెందుకు?” అని మేస్త్రీకే పాఠం చెప్పాను.

“రాయి కూడా నీళ్లు తాగతాది సార్,” అన్నాడతను. నవ్వాను.

కార్తీకం వానలకు సంపు నిండింది. పక్కింటి వెంకమ్మ ముంచుకుపోతుందేమోనని మూతకు తాళం వేశాను.

ఎండాకాలంలో తాళం తీశాను. చుక్క లేదు. అడుగున తొండ ఒకటి, మేస్త్రీ మాట నిజమేనన్నట్టు తలూపుతోంది.

అప్పుడే వెంకమ్మ బిందెతో వచ్చింది. “మీ సంపుకు పల్లాన ఉండే మా బాయిలో, నాలుగేండ్లకు ఊటొచ్చిండాది సార్. మీకో బిందె తెచ్చినాను.”

తాళాన్ని గబుక్కున జేబులో వేసుకుని బిందె అందుకున్నాను.

“ఇంకా కావాలంటే వచ్చి తోడుకోండి సార్. మా బాయికి తాళం లేదులే,” అంది.