కొంగగారి ముక్కు మీది ఎరుపు

నార్వే మంచు అడవిలో పక్షులు ఒక సాహిత్య అకాడమీ పెట్టుకున్నాయి. భయపడకుండా పాడిన పక్షికి ఏటా బహుమానం ఇస్తాయి. అధ్యక్షులు కొంగగారు. బహుమానం అందుకునేవాళ్ల ప్రసంగం ముందే తెప్పించుకుని, ఎర్రపళ్ల రసంలో ముక్కు ముంచి దిద్దడమంటే ఆయనకు మహా సరదా.

ఈ ఏడు బహుమానం, దూరదేశపు డేగదొర పంజరంలోంచి తప్పించుకొచ్చిన మైనాకు వచ్చింది. సభకు ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ డేగదొరే! అకాడమీ విందుకు చేపలు పంపేది ఆయనే మరి. అందుకని కొంగగారు మైనా ప్రసంగంలో ఒక్కటంటే ఒక్క వాక్యం కొట్టేశారు. "అతిథి నొచ్చుకోకూడదు కదా" అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు.

మైనా వేదికెక్కి చదువుతూ చదువుతూ ఆ ఎర్రగీత దగ్గర ఆగింది.

"ఇక్కడో వాక్యం ఉండేది. నేను పంజరంలోంచి రాసిన ఉత్తరంలో కాపలా గద్ద కూడా ఇలాంటిదాన్నే కొట్టేసింది. కాకపోతే అది గోళ్లతో బరబరా గీకింది, మన కొంగ తాతగారు ముచ్చటగా గీత గీశారు" అంది నవ్వుతూ.

సభంతా కొంగగారి ముక్కుకేసి చూసింది. కొసన ఎరుపు ఇంకా ఆరలేదు. ఆయనకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. గబగబా ముక్కును మంచులో రుద్దుకున్నారు. మంచు ఎర్రబడింది గానీ ముక్కు ఎరుపు పోలేదు.

"పోనీ, అది మీరే చదవండి తాతగారూ!"

కొంగగారు ఆ ఎర్రగీత కింది మాటలు చదివారు. "నా చెల్లెలు ఇంకా డేగదొర పంజరంలోనే ఉంది, వదిలిపెట్టమని అడగండి."

డేగదొర రెక్కలు విదిల్చి విసవిసా వెళ్లిపోయాడు. చప్పట్లు మోగాయి. కొంగగారు మాత్రం వంచిన తల ఎత్తలేదు.

"చదివేశారుగా! ఇంక తలెత్తండి తాతగారూ" అంది మైనా.

"నీ చెల్లెల్ని బయటికి రానీ తల్లీ, అప్పుడు ఎత్తుతాను" అన్నారు కొంగగారు.